బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఎలా కోలుకోవాలి: తొలి రోజు నుంచి ఏడాది దాకా

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషికి మన ఇళ్లలో ఎవరూ చెప్పకుండానే పత్యం మొదలైపోతుంది. పప్పు పెట్టకండి, చీము పడుతుంది. గుడ్డు వేడి. పెరుగు జలుబు చేస్తుంది. మెత్తగా ఉడికిన అన్నంలో ఇంత మిరియాల చారు పోసి పెడితే చాలు. ఇంకే ఆపరేషన్ అయినా ఈ పత్యంతో ఎలాగోలా గట్టెక్కుతారేమో గానీ, బరువు తగ్గడానికి చేయించుకున్న ఆపరేషన్‌కి మాత్రం ఇది పూర్తిగా ఎదురు పత్యం. మీ ఒంటికి ఇప్పుడు అన్నిటికన్నా ముందు కావలసినవి పప్పు, గుడ్డు, పెరుగు, చేప. అన్నిటికన్నా వెనక రావలసినవి అన్నం, చారు. ఇలాంటి ఆపరేషన్లు అయినవాళ్లకి తిండి గురించి చెప్పే ఉద్యోగం నాది. పేషెంట్‌కి చెప్పినంతసేపూ పక్కన నిలబడ్డ అమ్మకో అత్తగారికో కూడా చెబుతాను, ఎందుకంటే వంటిల్లు వాళ్ల చేతిలో ఉంటుంది. ఇది చదివేటప్పుడు మీరూ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒక మాట ముందే చెప్పాలి. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో రోజులు, మోతాదులు నేను చెప్పేదానికి అటూ ఇటూగా ఉంటే, ఆ కాగితంలో ఉన్నదే చేయండి.

ముందుగా: మీకు జరిగిన ఆపరేషన్ ఏదో తెలుసుకోండి

మన దగ్గర ఎక్కువగా చేసేవి స్లీవ్, బైపాస్. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని ముప్పావు వంతు, ఇంకా కొంచెం ఎక్కువే, కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. అందులో 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడుతుంది, అంతే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరేది తీసేసిన ఆ భాగంలోనే. మొదటి నెలల్లో ఆకలన్నదే తెలియకపోవడానికి అదొక కారణం. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని తీసుకెళ్లి చిన్నపేగుకి కిందగా కలుపుతారు. ఇనుము, కాల్షియం ఒంటికి పట్టేది ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగంలో. తిండి ఇక ఆ దారిన వెళ్లదు. మినీ బైపాస్ కూడా ఈ కోవదే, సంచి కాస్త పొడుగ్గా ఉంటుంది.

డిశ్చార్జి కాగితాన్ని ఫొటో తీసి మీ ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఉంచండి. పదేళ్ల తర్వాత ఏ ఊళ్లోనో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, "నాకు ఫలానా సంవత్సరంలో ఈ ఆపరేషన్ అయింది" అన్నది మీ నోటి నుంచి రావలసిన మొదటి మాట. ముక్కులోంచి గొట్టం వేయాలన్నా, నొప్పికి మందు రాయాలన్నా వాళ్లకి అది తెలిసి తీరాలి.

మొదటి వారం: నడక, ఊపిరి, ఓపిక

ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో మిమ్మల్ని లేపి నడిపిస్తారు. ఇంటికి వచ్చాక కూడా మంచం పట్టకండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి అయిదు నిమిషాలు వరండాలోనో హాల్లోనో నడవండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఈ నడకే. పొట్ట దగ్గర వేసుకోమని రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే ఒక్కటి కూడా మానకండి. మూడు బంతులున్న ఊపిరి పరికరం ఇస్తారు కదా, దాన్ని బీరువాలో పెట్టేయకండి. గంటకి పదిసార్లు పీల్చండి.

భుజంలో నొప్పి వచ్చిందని కొందరు గాభరా పడతారు. ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి ఎక్కించిన గ్యాస్, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండర పొర (డయాఫ్రమ్) కింద మిగిలిపోయి అలా లాగుతుంది. నడిస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోగా పెరుగుతుంటే మాత్రం, కింద చెప్పే ప్రమాద సూచనలు చూడండి.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని శ్రీకాకుళమో ఆదిలాబాదో వెళ్లేవాళ్లు వెంటనే బస్సెక్కొద్దు. డాక్టర్ సరేనన్నాక, కారులో అయితే గంటకోసారి ఆపి దిగి నడవండి. అయిదు కిలోలకి మించిన బరువు నెలన్నర దాకా ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ బండ, చంటిపిల్ల, అన్నీ ఇందులోకే వస్తాయి. కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు మూడు వారాల్లో వెళ్లొచ్చు.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి

కూర్చుని ఉన్నా గుండె నిమిషానికి 120 సార్లకి పైగా కొట్టుకోవడం, జ్వరం, పొట్టలో పెరిగిపోయే నొప్పి, తగ్గకుండా పెరిగే ఎడమ భుజం నొప్పి, ఆయాసం, మూత్రం బాగా తగ్గిపోవడం: ఇవి కుట్లు వేసిన చోట నుంచి లోపల కారుతోందేమో అని అనుమానించాల్సిన గుర్తులు. వీటిలో గుండె వేగం ముందు కనిపిస్తుంది, జ్వరం తర్వాత వస్తుంది. అందుకే గుండె వేగం చూపించే, వేలికి పెట్టుకునే చిన్న ఆక్సిమీటర్ మొదటి నెలంతా మంచం పక్కన ఉంచుకోండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి, నల్లటి తారు రంగు విరేచనం కూడా అలాంటివే. సర్జన్‌కి ఫోన్ చేయండి, ఫోన్ అందకపోతే 108కి చేయండి. "గ్యాస్ అయ్యుంటుందిలే, వాము నీళ్లు తాగు" అన్న మాట ఈ నెలలో వద్దు.

మొదటి రెండు వారాలు: తాగడమే

మొదటి రెండు రోజులు పలచని నీళ్లలాంటివే. ఆ తర్వాత రెండో వారం చివరిదాకా అన్ని రకాల ద్రవాలు. తాగడమంటే గటగటా కాదు. దగ్గు మందు సీసా మీద ఉండే 30 మిల్లీలీటర్ల కొలత మూత ఒకటి కడిగి పెట్టుకోండి. ఆ మూతెడు పది పదిహేను నిమిషాల్లో, చిన్న చిన్న గుక్కలుగా. రోజు మొత్తానికి లీటరున్నర చేరాలి. మొదటి వారంలో అంత పోదు, నెమ్మదిగా చేరుకుంటారు. స్ట్రా వద్దు, గాలి లోపలికి పోతుంది. గోలీ సోడా, కూల్‌డ్రింకులు ఇక జీవితంలోనే అవసరం లేదు. కాఫీ, టీ ఒక నెల ఆగితే మంచిది.

ఏం తాగాలి? పలచని మజ్జిగ, వెన్న తీసిన పాలు, కొవ్వు తీసి వడకట్టిన చికెన్ సూప్, డాక్టర్ రాసిన ప్రొటీన్ పొడి, పెసరకట్టు. పెసరకట్టు ఇలా చేయండి: పావు కప్పు పెసరపప్పు పసుపు వేసి పప్పు పూర్తిగా చితికిపోయేదాకా కుక్కర్‌లో ఉడికించి, కవ్వంతో బాగా మెదిపి, వేడి నీళ్లు కలిపి టీ వడపోతలో వడకట్టండి. ఉప్పు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి. పోపు వద్దు, కారం వద్దు. కిందికి దిగినది పలచని జావలా, చెంచాలోంచి ధారగా జారేలా ఉండాలి.

కొబ్బరినీళ్ల గురించి అందరూ అడుగుతారు. రెండు గుక్కలు తాగితే తప్పులేదు. కానీ అందులో ప్రొటీన్ లేదు, అందులో ఉన్నది కొంచెం చక్కెర, ఉప్పులు. చూడ్డానికి వచ్చినవాళ్లు బోండాలు తెస్తారని రోజంతా అవే తాగితే పొట్టలో ఉన్న కాస్త చోటూ వాటికే పోతుంది.

కుట్ల గురించి భయపడి పప్పు మానకండి. కుట్లు మానాలంటే ప్రొటీన్ కావాలి. పప్పు వల్ల చీము పట్టదు. క్రిములు, శుభ్రం లేని కట్టు, అదుపు లేని షుగర్ వల్ల పడుతుంది.

మూడో వారం నుంచి రెండో నెల దాకా: మెత్తనివి, తర్వాత మామూలువి

మూడు, నాలుగో వారాల్లో మెత్తగా రుబ్బినట్టున్నవి. నీళ్లు లేని ముద్దపప్పు రెండు మూడు చెంచాలు, గట్టి పెరుగు, మెత్తగా చిదిపిన పనీర్, పాలు కలిపి సన్నని మంట మీద మెత్తగా చేసిన గుడ్డు పొరటు. అయిదు, ఆరో వారాల్లో ముళ్లు పూర్తిగా తీసిన కొరమీను ముక్క, మెత్తగా ఉడికించి సన్నగా చిదిపిన మీల్ మేకర్, బాగా ఉడికిన సొరకాయ, బీరకాయ. ఏడు ఎనిమిది వారాల తర్వాత చికెన్, మామూలు కూరలు. ఆవకాయ, పచ్చిమిరపకాయ బజ్జీ లాంటివాటి మాట రెండు నెలలయ్యాక చూద్దాం.

రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. గుడ్డుకి 6 గ్రాములు. 100 గ్రాముల వండిన చికెన్‌లో 25 దాకా, చేపలో 20 దాకా. 50 గ్రాముల పనీర్‌లో 9. ఎండు మీల్ మేకర్ 30 గ్రాములకి 15. గ్లాసు పాలకి 6. చిన్న గిన్నెడు గట్టి పప్పుకి 7. కప్పు అన్నానికి 4. ఈ చివరి అంకె చూస్తే అన్నాన్ని ఎందుకు వెనక్కి నెడుతున్నానో మీకే తెలుస్తుంది.

మూడో నెలలో ఒక రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున పాలలో ప్రొటీన్ పొడి ఒక కొలత, నిదానంగా అరగంటలో. తొమ్మిదిన్నరకి ఒక గుడ్డు. మధ్యాహ్నం అరచేతిలో సగమంత చేప ముక్క, రెండు చెంచాల కూర. నాలుగింటికి గట్టి పెరుగు. రాత్రి ఏడింటికి 50 గ్రాముల పనీర్, కాస్త ఆకుకూర. దీంతో 60 దగ్గరికి చేరుతుంది. శాకాహారులకి చేప, గుడ్డు బదులు మీల్ మేకర్, పల్చగా కాల్చిన చిన్న పెసరట్టు. కేవలం పప్పుతోనే 60 తెచ్చుకోవడం ఈ చిన్న పొట్టతో కుదరదు, అందుకే శాకాహారులకి ప్రొటీన్ పొడి ఏడాది దాకా మానకూడదని గట్టిగా చెబుతాను.

తినే తీరు మారాలి, ఇది తిండి మారడం కన్నా కష్టం. మనం చేత్తో తింటాం, ముద్ద ఎంత కలుపుకోవాలో చేతికి చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ పాత ముద్ద ఇప్పుడు నాలుగు ముద్దలకి సమానం. చూపుడువేలి గోరంత తీసుకోండి. నోట్లో పూర్తిగా నలిగి నీరయ్యేదాకా నమలండి. మింగి, చేయి కంచంలో పెట్టి, ఒక నిమిషం ఆగండి. ఒక్క ఉడికించిన గుడ్డు తినడానికి ఇరవై నిమిషాలు పట్టాలి. టీవీ, ఫోన్ ముందు ఇది సాధ్యం కాదు. చెంచాతో తింటే కొందరికి కొలత తేలిక, చిన్నపిల్లల చెంచా వాడండి.

చాలు అన్న సంగతి పొట్ట ఎప్పటిలా చెప్పదు. ముక్కు కారడం, ఎక్కిలి, తుమ్ము, రొమ్ముల మధ్య బరువుగా అనిపించడం, తెలియకుండా వచ్చే పెద్ద నిట్టూర్పు: వీటిలో మీ గుర్తు ఏదో రెండు వారాల్లో పట్టేస్తారు. అది రాగానే ఆపేయాలి. కంచంలో ఒక్క చెంచా మిగిలినా సరే. "అన్నం పారేయకూడదు" అని పెరిగిన మనకి ఇది చాలా కష్టం. అందుకే వడ్డించుకునేటప్పుడే సగం వడ్డించుకోండి.

తింటూ నీళ్లు తాగకండి. తిన్నాక అరగంట ఆగి తాగండి. చపాతీ, బ్రెడ్, మెత్తటి అన్నం ముద్దలా అతుక్కుని దిగకపోవచ్చు. అప్పుడు నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరి వాంతి అవుతుంది. కంగారు పడి నీళ్లు పోయకండి. లేచి నడవండి, ఆ పూటకి తినడం ఆపేయండి.

చారన్నం దగ్గర జాగ్రత్త

ఈ భాగం కోసమే మిగతాదంతా రాశాననుకోండి.

చేప ముక్క, గుడ్డు, గట్టి పప్పు ఆ చిన్న గొట్టంలో కాసేపు నిలుస్తాయి. కడుపు నిండినట్టు రెండు మూడు గంటలు ఉంటుంది. చారన్నం అలా కాదు, పోసినట్టే జారిపోతుంది. పల్చగా కలిపిన పెరుగన్నం, టీలో ముంచిన బిస్కెట్లు, కారప్పూస, బూంది, మరమరాలు, ఐస్‌క్రీమ్ కూడా అంతే. ఏ ఇబ్బందీ పెట్టవు, వాంతి రానివ్వవు, ఎంత తిన్నా చాలనిపించవు. చికెన్ తింటే బరువుగా ఉంది, చారన్నం హాయిగా పోతోంది కాబట్టి అదే మంచిదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ప్రేమతోనే అనుకుంటారు. మూడు నెలలు చారన్నం మీద ఉన్నవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తే బరువు తగ్గి ఉంటుంది, కానీ దాంతోపాటు కండ కూడా కరిగి ఉంటుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేరు. రెండో ఏడాది ఆకలి తిరిగి వచ్చేసరికి గిన్నెడు చారన్నం తేలిగ్గా పట్టేస్తుంది, బరువు వెనక్కి వస్తుంది.

అందుకని కంచంలో వరస ఇది: ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటుంటే చివర రెండు చెంచాల అన్నం. అన్నం మానేయమని ఎవరికీ చెప్పను. మన తిండిలోంచి దాన్ని తీసేస్తే మనసు ఊరుకోదు. కానీ ఆకలి నిద్రపోయి ఉండే ఈ మొదటి ఏడాదిలో వరస అలవాటైపోతే, ఆకలి లేచాక కూడా చేయి అదే వరసలో వెళుతుంది. ఈ ఏడాది మళ్లీ రాదు.

మాత్రలు: బతికినంత కాలం

బరువు తగ్గాక, ఒళ్లు తేలిక పడ్డాక మాత్రలు మానేసేవాళ్లే ఎక్కువ. లోపం బయటపడేది ఏడాది రెండేళ్లకి. మల్టీవిటమిన్ రోజూ. బీ12 రోజూ మాత్రగా 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకోసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు భాగాలుగా, సిట్రేట్ రకం. మెడికల్ షాపులో చేతికిచ్చేది చాలావరకు కార్బొనేట్, అది పట్టాలంటే జీర్ణాశయంలో ఆమ్లం బాగా ఉండాలి, మీకు తగ్గిపోయింది. విటమిన్ డీ సాధారణంగా రోజుకి 3000 యూనిట్లు. నెలసరి వచ్చే ఆడవాళ్లకి, బైపాస్ అయినవాళ్లకి ఇనుము 45 నుంచి 60 మిల్లీగ్రాములు.

ఇనుము, కాల్షియం కలిపి వేసుకుంటే ఒకటి రెండోదాన్ని అడ్డుకుంటుంది. రెండు గంటల ఎడం ఉండాలి. ఇనుము మాత్ర టీతో అసలు వద్దు, టీకి ముందూ వెనకా గంటేసి దూరం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ వీటికీ నాలుగు గంటలు వదలాలి. పొద్దున లేవగానే థైరాయిడ్, మధ్యాహ్నం ఇనుము, సాయంత్రం ఒకటి పడుకునేముందు ఒకటి కాల్షియం అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

వాంతులు, గ్లూకోజ్ బాటిల్, నొప్పి ఇంజెక్షన్

నీరసంగా ఉంటే ఊళ్లో డాక్టర్ దగ్గర "ఒక బాటిల్ ఎక్కించండి" అనడం మనకి అలవాటు. ఈ ఆపరేషన్ అయినవాళ్లకి అది ప్రమాదం కావచ్చు. రోజుల తరబడి వాంతులవుతుంటే ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్, నిల్వ రెండు మూడు వారాల్లో అయిపోతుంది. ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. ఒకటి రెండుగా కనిపించడం, నడుస్తుంటే తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. కాబట్టి రెండు రోజులకి మించి వాంతులైతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్లండి. దారిలో ఎక్కడ ఆగాల్సి వచ్చినా ఇంట్లోవాళ్లు అడగాల్సిన మాట ఒకటే: "ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత గ్లూకోజ్ పెట్టండి."

మోకాళ్ల నొప్పికి, తలనొప్పికి మెడికల్ షాపులో దొరికే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి, వాటి ఇంజెక్షన్లతో సహా, బైపాస్ అయినవాళ్లకి పూర్తిగా నిషేధం. సంచిని పేగుకి కలిపిన చోట పుండు పడుతుంది. స్లీవ్ వాళ్లు కూడా దూరంగా ఉండటం మేలు. పారాసెటమాల్ వాడొచ్చు. సిగరెట్, బీడీ, చుట్ట కూడా ఆ పుండుకి కారణమే.

షుగర్, బీపీ మందులు పాత మోతాదులో కొనసాగించకండి. తిండి బాగా తగ్గిపోయినప్పుడు పాత మోతాదు ఇన్సులిన్ ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి నెల రోజూ షుగర్, బీపీ చూసి రాసుకుని, డాక్టర్ చెప్పినట్టు తగ్గించుకోండి. మీ అంతట మీరు మానేయడమూ వద్దు.

మూడో నెల నుంచి: జుట్టు, కాటా, అద్దం

మూడో నెలకీ ఆరో నెలకీ మధ్య జుట్టు ఊడుతుంది. దువ్వెన నిండా వస్తుంది, స్నానాల గది జాలీలో ఉండ కడుతుంది. ఒళ్లు ఒక్కసారిగా బరువు తగ్గినప్పుడు కుదుళ్లు విశ్రాంతిలోకి వెళ్లడం వల్ల ఇది జరుగుతుంది. ప్రొటీన్, ఇనుము సరిగా ఉంటే ఏడాది తిరిగేలోపు మళ్లీ వస్తుంది. నూనెలు మారుస్తూ డబ్బు పోసుకోకండి, ఆ డబ్బు గుడ్లకి పెట్టండి.

ఆపరేషన్ అయిన మూడు నాలుగు వారాలకి కాటా ఒకచోట ఆగిపోతుంది. దాదాపు అందరికీ ఆగుతుంది. వారానికి ఒక్కసారే, ఒకే రోజు, ఒకే వేళ చూసుకోండి. ఏడాదికి స్లీవ్‌లో మొత్తం బరువులో పావు వంతు, బైపాస్‌లో ఇంకొంచెం ఎక్కువ తగ్గడం మామూలు లెక్క. మీ వదినకి ఎంత తగ్గిందన్నది మీ లెక్క కాదు.

త్వరగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వస్తాయి. అందుకే ఆరు నెలలు వేసుకోమని మాత్ర రాస్తారు, మానకండి. కుడి డొక్కలో అన్నం తిన్నాక నొప్పి వస్తే స్కాన్ చేయించండి. నెలన్నర రెండు నెలల తర్వాత నడకతో పాటు చిన్న డంబెల్సో, నీళ్ల సీసాలో పట్టుకుని కండకి పని చెప్పండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం ఇంట్లోనే చేసుకోగలిగే మంచి వ్యాయామం.

చర్మం వేలాడుతుంది. ముడతల్లో చెమట నిలిచి పుండ్లు పడకుండా కడిగి తుడుచుకుని పొడిగా ఉంచాలి. దానికి ఆపరేషన్ చేయించుకోదలిస్తే బరువు నిలకడగా ఉన్నాక, ఏడాదిన్నర దాటాకే. ఉంగరాలు జారిపోతాయి, ముందే తీసి దాచండి.

పెళ్లి భోజనం, దీక్షలు, మద్యం

బంతిలో కూర్చుంటే "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వడ్డిస్తూనే ఉంటారు. ఇంట్లో ముందే ప్రొటీన్ తిని వెళ్లండి. ఆకులో ఒక చెంచా కూర, ఒక ముక్క పెట్టించుకుని నిదానంగా తినండి. లడ్డూ, జిలేబీ, పూర్ణం బూరె తింటే, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి, పావుగంటలో గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనం రావొచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. మరికొందరికి రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

మొదటి ఏడాది నిర్జల ఉపవాసాలు, ఒంటిపూట భోజనాలు పెట్టుకోకండి. అయ్యప్ప దీక్ష వేసుకునేవాళ్లకి 41 రోజులు ఒక్క భిక్షలో 60 గ్రాముల ప్రొటీన్ ఎక్కడా కుదరదు. గురుస్వామికి చెప్పి వచ్చే ఏడాదికి అనుకోండి. రంజాన్ ఉపవాసాలకీ డాక్టర్‌ని అడిగాకే. నీళ్లు లేకుండా పగలంతా ఉండి, రాత్రి కాసేపట్లో లీటరున్నర తాగడం ఈ పొట్టతో అయ్యే పని కాదు.

మందు, అంటే మద్యం గురించి దాచకుండా చెబుతాను. ముఖ్యంగా బైపాస్ తర్వాత రెండు గుక్కలకే మత్తు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది, చాలాసేపు దిగదు. తిండితో వచ్చే ఓదార్పు పోయాక ఆ చోట్లోకి మందు దూరినవాళ్లు ఉన్నారు. కల్లు కూడా మందే. మొదటి ఏడాది అసలు వద్దు, ఆ తర్వాత కూడా లేకపోతేనే నయం.

"ఏమైంది, ఇంత చిక్కిపోయావు? షుగరొచ్చిందా?" అని ఎదురుపడ్డ ప్రతివాళ్లూ అడుగుతారు. ఆపరేషన్ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పనిలేదు. "డాక్టర్ చెప్పినట్టు తింటున్నాను, బాగున్నాను" అంటే చాలు. కానీ ఇంట్లో ఒక్కరికైనా మనసు విప్పి చెప్పుకోండి. బరువు తగ్గుతున్నా దిగులు తగ్గకపోవడం, ఏడుపు రావడం, నిద్రపట్టకపోవడం జరుగుతాయి. రెండు వారాలకి మించి అలా ఉంటే మీ ఆస్పత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

పిల్లలు కావాలనుకునేవాళ్లకి

లావుగా ఉన్నప్పుడు నెలసరి తప్పి, గర్భం రాదనుకున్నవాళ్లకి ఆపరేషన్ అయిన కొద్ది నెలల్లోనే అండం విడుదల మొదలవుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బైపాస్ అయితే నోటి మాత్రల మీద ఆధారపడకుండా ఇంకో పద్ధతి అడగండి. గర్భం వచ్చాక 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష మీకు డంపింగ్ తెస్తుంది. ఆపరేషన్ సంగతి చెబితే ఇంట్లోనే వారం పాటు వేలి నుంచి రక్తం తీసి చూసుకునే పద్ధతి పెడతారు.

ఏ నెలలో ఏ పరీక్ష

ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల, ఏడాది, ఆ తర్వాత ఏడాదికోసారి. రక్తం శాతం, ఫెరిటిన్ (ఇనుము నిల్వ), బీ12, విటమిన్ డీ, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్), అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), లివర్, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు). రెండేళ్లకి ఎముకల సాంద్రత పరీక్ష. ఊరు దూరమైతే రక్తం మీ ఊళ్లో ఇచ్చి, రిపోర్టు ఫోన్‌లో పంపి మాట్లాడండి.

రెండేళ్ల తర్వాత కొంత బరువు తిరిగి రావడం చాలామందిలో ఉంటుంది. నాలుగైదు కిలోలు పెరగగానే సిగ్గుపడి ఆస్పత్రికి రావడం మానేస్తారు, పదిహేను కిలోలు పెరిగాక వస్తారు. నాలుగు కిలోలప్పుడే రండి. ఆ వారం తిన్నది గంటతో సహా ఒక నోట్‌బుక్కులో రాసి తీసుకురండి. కారణం చాలావరకు ఆ పేజీల్లోనే దొరుకుతుంది. దొరకనప్పుడు మందులు, ఇంకో ఆపరేషన్ లాంటి దారులు ఉన్నాయి, వాటి గురించి సర్జన్‌తో కూర్చుని మాట్లాడుకోవచ్చు.